పళ్ళెంలో నల్ల నూనె

"జంతికల పళ్ళెం ఇంజను కింద పెట్టారేంటండీ? నిన్నటిదాకా గోనెపట్టా సరిపోయిందిగా" అంది మంగాయమ్మ.

"గోనె నూనెను పీల్చేస్తోంది. తెల్ల పింగాణీ అయితే చుక్క పడినా అందరికీ కనిపిస్తుంది" అన్నాడు రాజారత్నం మాస్టారు.

"రేపట్నుంచి జంతికలు దోసిట్లో పోసుకుని తినండి."

ఆయన వినిపించుకోలేదు. రిటైరయ్యాక మూడు నెలలు కష్టపడి, మెకానిక్ నాగుల్ మీరాతో కలిసి ముప్పై ఏళ్ళనాటి ల్యాండ్‌మాస్టర్ కారు ఇంజను మొత్తం విప్పి బిగించాడు. ఆదివారం, పురిటికొచ్చిన కూతురు సుగుణనీ, మూడు నెలల మనవణ్ణీ అందులోనే తెనాలి నుంచి రేపల్లె తీసుకెళ్తానన్నాడు. అక్కడి చర్చిలో పిల్లాడికి బాప్తిస్మం.

"ఆయిల్ లీకు ఆగితేనే" అని మాత్రం రోజూ అనేవాడు.

మంగాయమ్మ ఆ మాటనే పట్టుకుంది. మొదట్లో కారిన నాలుగు చుక్కలూ సీలు మార్చగానే ఆగిపోయాయి. పది రోజుల కిందట కారు ఎలా నడుస్తోందో చూద్దామని ఇద్దరూ అంగలకుదురు దాకా వెళ్ళారు. ఎడమ పక్క సైకిలు మీద వస్తున్న మనిషి ఆయనకు కనిపించలేదు. ఆమె కేక పెడితే బ్రేకు వేశాడు. కన్ను చూపించుకోమంటే రెండు రోజులు మాట్లాడలేదు.

అప్పటినుంచి తెల్లవారుతూనే ఆమె పాలకు లేచి, ఇంజనులోంచి దించిన పాత నూనె డబ్బా తెరిచి, గరిటెడు కారు కింద పోస్తోంది. డబ్బా చిన్నదే అయినా ఎంతకీ నిండుకోకపోవడం ఆమె అదృష్టం.

శనివారం ఉదయం ఆమె పళ్ళెంలో రెండు గరిటెలు పోసింది. రేపే ప్రయాణం.

నాగుల్ మీరా వచ్చి కారు కింద దూరాడు. తెల్లగుడ్డతో ఇంజను అంతా తుడిచి చూశాడు. మరక అంటలేదు.

"ఎక్కడా చెమ్మ లేదు మాస్టారూ." పళ్ళెంలో వేలు ముంచి వెలుతురులో పెట్టాడు. "మనం పోసిన ఆయిలు తేనెరంగులో ఉందండి. ఇదేమో నల్లగా..."

అతని చూపు మంగాయమ్మ వేళ్ళ మీద ఆగింది. గోటి అంచుల్లో నలుపు. ఆమె చెయ్యి కొంగులో దాచుకుంది.

"మాస్టారూ, ఒక్కమాట" అంటూ అతను ఆయన్ని వెంటబెట్టుకుని గేటు దాకా నడిచాడు.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు కూర్చున్నారు. మజ్జిగ పోసుకున్నాక ఆయన తలెత్తాడు.

"రేపు కారు నాగుల్ మీరా నడుపుతాడు. నేను వెనక సీట్లో మనవణ్ణి ఎత్తుకుంటాను. సోమవారం గుంటూరెళ్ళి కన్ను చూపించుకుంటా."

సుగుణ తండ్రి వంక వింతగా చూసింది.

"నాగుల్ మీరా అంతా చెప్పేశాడాండీ?" అంది మంగాయమ్మ.

"అతను చెప్పేదేముంది మంగా? మంగళవారమే ఖాళీ అయిన ఆ డబ్బాని మళ్ళీ నింపింది నేనే."