మూరెడు జాగా

"ఏయ్, ఎవరు నువ్వు? మా రోడ్డు మీద నీకేం పని?"

రత్నబాబు కేకకి, పరిచిన కంకర మీద వంగి టేపు పట్టి కొలుస్తున్న పెద్దాయన తలెత్తాడు.

అరవై ఏళ్ళుంటాయి. నలిగిన చొక్కా, చంకలో ఒక ప్లాస్టిక్ ఫైలు.

"రెండు నిమిషాలు మాట్లాడాలి బాబూ. ఇక్కడ పెద్ద ఎవరు?"

"నేనే. వార్డు మెంబర్ని. చెప్పు."

జగ్గయ్యపేట నుంచి ముక్త్యాల వెళ్ళే దారిలో, సిమెంటు లారీలు తెరిపి లేకుండా తిరిగే రోడ్డు పక్కన ఉంది ఆ పేట. ఇరవై ఏళ్ళుగా గడపల మీద సిమెంటు దుమ్ము పడుతూనే ఉంది గానీ, వీధిలో ఒక్క తట్ట సిమెంటు పడలేదు. ఇన్నాళ్ళకు రోడ్డు మంజూరైంది.

ఆ వేళ మార్చి ఇరవై తొమ్మిది. ముప్పై ఒకటి దాటితే నిధులు మురిగిపోతాయి. ఏడాదంతా గురక పెట్టి, నెలాఖరులో పరుగులు తీయడం సర్కారు వారికి అలవాటే.

"గోడ నుంచి గోడ దాకా పోస్తున్నట్టున్నారు," అన్నాడు పెద్దాయన. "ఒక పక్కన మూరెడు జాగా వదిలి పోయించండి."

చుట్టూ చేరిన జనం గుర్రుమన్నారు.

అనరా మరి? పక్క ఊళ్ళో పన్నెండడుగుల రోడ్డని రాసుకుని, పదిన్నర పోసి, మిగతాది మింగేసి పోయాడొక కాంట్రాక్టరు. అందుకే రత్నబాబు పొద్దుటి నుంచి సొంత టేపుతో కాపలా కాస్తున్నాడు. అంగుళం తగ్గినా ఒప్పుకోనని మొన్న ప్రార్థనయ్యాక అందరి ముందూ మాటిచ్చాడు.

"మూరెడు తగ్గితే మిగిలే సిమెంటు నీకా, కాంట్రాక్టరుకా?"

"సిమెంటు సంగతి కాదు బాబూ. రేపు మంచినీళ్ళ పైపు వస్తే ఎక్కడ వేస్తారు?"

రత్నబాబు తల్లి సౌభాగ్యమ్మ చంకలో బిందె కింద పెట్టి నవ్వింది. మంచి నవ్వు కాదది.

"పైపా? నేను కాపరానికొచ్చిన కాడ్నించీ ఆ మాటే వింటన్నా. మా బోరు నీళ్ళు నోట్లో పెట్టలేం. లారీల రోడ్డు దాటి, అవతల తోటలో మోటరు కాడ పట్టుకొస్తన్నాం. పోయినేడు మా ఆడబిడ్డ బిందెతో సహా లారీ కింద పడిపోయింది. అప్పుడు రాలేదేం నీ పైపు?"

పెద్దాయన గొంతు తగ్గింది.

"ఈసారి వస్తుందమ్మా."

"ఎవరు చెప్పారు?"

"కాయితం బయటికి రాకుండా చెప్పకూడదు. మీకు మాటిచ్చి తప్పినవాళ్ళు ఇప్పటికే చాలామంది. ఆ మూరెడూ వదలండి చాలు."

"కాయితం లేదంట, కబుర్లున్నాయంట," అన్నాడు రత్నబాబు తమ్ముడు నెహెమ్యా. "అన్నా, వీడు కాంట్రాక్టరు మనిషే."

"మాకేం తెలీదండి. ఈయన్నెప్పుడూ చూళ్ళేదు," అన్నాడు కాంట్రాక్టరు మేస్త్రీ.

అడక్కుండానే అన్న ఆ మాటతో అనుమానం ఇంకా గట్టిపడింది.

నెహెమ్యా టేపు లాక్కోబోయాడు. పెద్దాయన వదల్లేదు. తోపులాటలో కంకర గుట్ట మీద వెల్లకిలా పడ్డాడు. అంతమందిలో ఒక్కరూ చెయ్యందించలేదు. సిగ్గుపడాల్సిన పనే. ఎవరూ పడలేదు.

ఆయనే లేచి, చెదిరిన కాయితాలు ఏరుకున్నాడు.

"నేను రోడ్డు ఆపమనడం లేదు. ఒక్క మూరెడు. కాంక్రీటు పడ్డాక ఎవరూ ఏమీ చేయలేరు బాబూ."

"బెదిరిస్తన్నావా? నడువ్."

ఆటో ఆపి, ఆయన్ని ఎక్కించి, జగ్గయ్యపేట వచ్చేదాకా దించొద్దని డ్రైవరుకి చెప్పి పంపేశారు.

మర్నాటి సాయంత్రానికి రోడ్డు పడింది. గోడ నుంచి గోడ దాకా, పన్నెండడుగులు, అంగుళం తగ్గకుండా. రత్నబాబు ఇంటింటికీ కూల్ డ్రింకు పంచాడు.

మే నెలలో పైపుల ట్రాక్టరు వచ్చింది. వెనకే స్కూటీ మీద ఇంజనీరు రోజారమణి. వీధి మొదట్లో ఆగి, రోడ్డు చూసి, ట్రాక్టరు వెనక్కి తిప్పమంది.

రత్నబాబు పరుగెత్తుకొచ్చాడు. "మేడం, ఆ పైపులు మాకేగా?"

"మీకే వచ్చాయి. ఎక్కడ వెయ్యమంటారు? కొత్త రోడ్డు మూడేళ్ళ దాకా తవ్వకూడదు. పక్కన సందు లేదు. వేరే ఊరికి మార్చేస్తున్నాం."

"మేమే పగలగొడతాం. మళ్ళీ మేమే పూడుస్తాం మేడం."

"కేసవుతుంది. అయినా మీకు ముందే చెప్పాం కదా. రోడ్డు వేసేది ఇంకో ఆఫీసు. వాళ్ళు మా మాట వినలేదు. కనీసం ఊళ్ళోవాళ్ళు వింటారని మా సారే బస్సెక్కి వచ్చారు."



కొడుకు వెనకే వచ్చిన సౌభాగ్యమ్మ అడిగింది. "ఆ పెద్దాయన మీ ఆఫీసు మనిషా అమ్మా?"

"మా పెద్ద ఇంజనీరు భవానీప్రసాద్ గారు."

"ఎక్కడుంటారో చెప్పమ్మా. కాళ్ళు పట్టుకుంటాం. మా పేట పేరు మళ్ళీ రాయమని అడుగుతాం."

"మార్చి ముప్పై ఒకటినే రిటైరయ్యారు." రోజారమణి ఇంక ఎవరి వంకా చూడలేదు. "అసలు ఈ పైపుల జాబితాలో మీ పేట లేనే లేదు. నందిగామ దగ్గర కాలువ పనిలో పెంచి రాసిన లెక్కలు కొట్టేయించి, అందులో మిగిలిన డబ్బుకి మీ పేరు రాసింది ఆయనే. ఇక్కడికి వచ్చి వెళ్ళాకే, ఉద్యోగంలో తన ఆఖరి సంతకం ఆ కాయితం మీద పెట్టారు."