మెషీను అడిగినాయన

బన్ను కొనడానికి వచ్చిన ముసలాయన బన్నుల వంక చూడనే లేదు.

కొట్టావిడ భుజం మీదుగా లోపలికి చూస్తూ నిలబడిపోయాడు. లోపల పిండి కలిపే పెద్ద మెషీను గిర్రున తిరుగుతోంది.

"ఆ మెషీను ఎక్కడిదమ్మా?"

"మా ఆయన కొన్నారు. ఏదో హోటలు మూసేస్తుంటే అక్కణ్ణుంచి తెచ్చారు. ఏం?"

"అందుకే దొరకలేదు," అని ఆయన తనలో తాను గొణుక్కున్నాడు.

తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"అది నాకిచ్చెయ్యమ్మా. బదులు కొత్తది తెచ్చిస్తాను. పరీక్ష చేసి ప్రభుత్వ ముద్ర వేసింది. నువ్వు పైసా ఇవ్వక్కర్లేదు."

ఆవిడ ఫక్కున నవ్వింది. ఆ వీధిలో అందరూ ఆవిణ్ణి బన్నులక్క అంటారు. రకరకాల మనుషుల్ని చూసిన మనిషి. ఉత్తినే ఇస్తానన్నవాడు ఉత్త చేతులతో పోడని ఆవిడకు తెలుసు.

"వద్దు పెద్దాయనా. దీనికేం రోగం? చేతులు తడిగా ఉంటే కాస్త చీమ కుట్టినట్టుంటుంది, అంతే."

ముసలాయన మొహం పాలిపోయింది.

"అది చీమ కాదమ్మా, కరెంటు."

"కరెంటు మెషీనులో కరెంటు కాక కాఫీ ఉంటుందా?"

ఆయన నవ్వలేదు.

పక్క కొట్టు టైలరు ఈ సంగతి విని తల పంకించాడు.

"అందులో రాగి బోలెడుంటుందక్కా. ఎర లేకుండా గాలం వేసేవాడెవడు? జాగ్రత్త."

రాగి కానీ, బంగారం కానీ, ఆవిడ ఇవ్వదలచుకోలేదు. భర్త పోయాక ఆ కప్పు కింద మాట్లాడేది ఆ మెషీను ఒక్కటే. పొద్దున్నే దాని చప్పుడు మొదలైతేనే కొట్టుకు ఊపిరొచ్చినట్టుంటుంది.

ముసలాయన వదల్లేదు. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చాడు. ఆ తర్వాత కూడా వస్తూనే ఉన్నాడు.

ఒక బన్ను కొనుక్కుని, బల్ల మీద కూర్చుని, నెమ్మదిగా తుంచుకుని తినేవాడు. ఒకసారి మందపాటి రబ్బరు చాప తెచ్చి మెషీను ముందు పరిచాడు.

"దీని మీద నిలబడే పని చేసుకో తల్లీ."

లేచి వెళ్ళేటప్పుడు ఎప్పుడూ ఒకటే మాట.

"చేతులు తుడుచుకున్నావా?"

"నేనేమన్నా చిన్నపిల్లనా?" అని విసుక్కునేదావిడ.

విసుక్కునేదే కానీ, ఆయన రాని వారం వీధి మలుపు వంక ఊరికే చూస్తుండేది. తన చేతులు తడిగా ఉన్నాయో పొడిగా ఉన్నాయో అడిగే మనిషి ఆ ఊళ్ళో ఇంకొకరు లేరు.

ఒకరోజు ఆవిడ ఓవెన్ దగ్గర ట్రేలు దించి వచ్చేసరికి ముసలాయన మెషీను వెనకాల మోకాళ్ళ మీద ఉన్నాడు. ప్లగ్గు పీకేసి ఉంది. చేతిలో స్క్రూడ్రైవరు.

ఆవిడ వీధిలోకి పరిగెత్తి అరిచింది.

"దొంగ! దొంగ!"

టైలరు మెళ్ళో టేపుతోనే పరిగెత్తుకొచ్చాడు. ముసలాయన కాలరు పట్టుకుని వీధిలోకి లాగాడు. నలుగురూ మూగారు.

"ఇంకోసారి ఈ గడప తొక్కితే మర్యాద దక్కదు!" అందావిడ.

ఆయన చొక్కా సర్దుకున్నాడు.

"అది తాత్కాలికమే తల్లీ. దాన్ని నమ్ముకోకు," అని మాత్రం అన్నాడు.

ఏమిటా తాత్కాలికమని ఎవరూ అడగలేదు.

మర్నాడు పనిలో పడి ఆవిడ తడి చేత్తోనే మెషీను పట్టుకుంది.

చీమ కుట్టలేదు.

వంగి చూసింది. మెషీను ఒంటి నుంచి గోడలో ఎర్తు దాకా కొత్త పచ్చ తీగ ఒకటి శుభ్రంగా బిగించి ఉంది.

దొంగలు పీక్కుపోతారు కానీ, బిగించి పోతారా?

ఆయన పేరు అడగలేదు. ఊరు అడగలేదు. ఎక్కడని వెతుకుతుంది? రోజూ ఒక బన్ను పక్కన పెట్టేది. కొట్టు కట్టేసే వేళకు దాన్ని తనే తినేది.

వానలు వెళ్ళిపోయాక కొట్టు ముందు చిన్న లారీ ఆగింది. అందులో కొత్త మెషీను. పక్కన ఒక అమ్మాయి.

"బన్నులక్క మీరేనా అండీ? ఇక్కడికి మా నాన్న వస్తుండేవారు. పాత మెషీను అడిగేవారు."

ఆవిడ మొహం విప్పారింది.

"ఆయన రాలేదేం? ఇంకా కోపంగానే ఉన్నారా?"

"పోయారండీ. మంచాన పడ్డాక కూడా మీ కొట్టు సంగతే. ఇదొక్కటీ మిగిలిపోయిందని."

ఆవిడ పక్కన పెట్టిన బన్ను వంక చూసింది.

"మిగిలిపోవడమేమిటమ్మా?"

"ఈ రకం మెషీన్లండీ. కొట్లకూ హోటళ్ళకూ అమ్మే కరెంటు సామానుకు పరీక్ష, ముద్ర తప్పనిసరని రూలొచ్చింది. ఇది ఆ పరీక్షలో తప్పింది. అప్పటికే అమ్ముడైపోయినవాటికి మాత్రం రూలు లేదు. ఎవరికీ ఏమీ కాలేదు, ఎవరూ అడగనూ లేదు. నాన్నే ఒక్కోటీ వెతికి వెనక్కి తెచ్చారు."

ఆవిడ గుమ్మం పట్టుకుంది. దుఃఖం ఎటు పోవాలో తెలియక కోపమై పైకొచ్చింది.

"ఆ కంపెనీవాళ్ళకు సిగ్గులేదూ? వాళ్ళు చేసిన దానికి ఆ ముసలి ప్రాణాన్ని వీధులమ్మట తిప్పుతారా? నా నోటితో దొంగ అనిపిస్తారా?"

కొత్త మెషీనుకు కట్టిన తాళ్ళు విప్పుతూ, ఆ అమ్మాయి తలెత్తకుండానే అంది.

"కంపెనీ అంటే ఇంకెవరూ కాదండీ, మా నాన్న ఒక్కరే."