జక్కమ్మ తోడు

"ఒక్క చెక్కముక్క కూడా ముట్టలేదే!" అన్నాడు డాక్టరు నవనీతకృష్ణన్, గడియారం వైపు చూస్తూ.

బల్ల మీద రంగురంగుల చెక్కముక్కలు, పక్కన అట్ట మీద ఒక బొమ్మ. ముక్కలు పేర్చి ఆ బొమ్మ చేయాలి. ఆరేళ్ల దర్శిని మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది.

పాపకు ఆటిజం ఉందని ఏడాది కిందటే తేలింది. మామూలు పిల్లలతో కలిసి చదవగలదని ఈ డాక్టరు రాసిస్తే తప్ప ఒకటో తరగతిలో చేర్చుకునేది లేదని ఆమె యూకేజీ చదివిన ఉడుమలైపేట బడివాళ్లే తేల్చేశారు. అందుకే తండ్రి జగదీష్, నాయనమ్మ రామాయి ఆమెను కోయంబత్తూరుకు తీసుకొచ్చారు.

"ఇంట్లో ఇట్లాంటివి కన్ను మూసి తెరిచేలోపల చేస్తాది సార్" అన్నాడు జగదీష్.

"సేయి కణ్ణూ! సేస్తే జిలేబీ కొనిస్తా" అంది రామాయి.

డాక్టరుదీ ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబమే. "మనమంతా గుడ్లప్పగించి చూస్తావుంటే పాపకు బుర్ర ఎట్లా పనిచేస్తాది? చూసేవాళ్లుంటే కొందరికి వచ్చిందీ రాదు. బయటికి పోదాం రాండి" అన్నాడు.

ఆ గది గోడకు ఒక అద్దం ఉంది. లోపలివాళ్లకు అది మామూలు అద్దం, బయటివాళ్లకు కిటికీ. డాక్టరు, జగదీష్ దాని వెనక నిలబడ్డారు. రామాయి కాస్త ఆలస్యంగా వచ్చి చేరింది.

దర్శిని కదల్లేదు. జగదీష్ అద్దానికి ముఖం ఆనించాడు. ఇక్కడ కాదంటే ఇంకే బడి గడప తొక్కనిస్తారు?

"ఎవరూ లేకపోయినా చేయలేదంటే..." డాక్టరు పెన్ను తీశాడు.

"ఎవరూ లేకుండా ఎట్లా సామి?" అంది రామాయి, ఘనకార్యం చేసినదానిలా. "బల్ల మీద జక్కమ్మ పటం పెట్టొస్తిని. 'జక్కమ్మ చూస్తావుండాది, భయపడగాకు' అని సెప్పొస్తిని."

జగదీష్ తల పట్టుకున్నాడు. "కులదేవతను తెచ్చి పరీక్షలో కూచోబెడితివా అమ్మా!"

డాక్టరు తలుపు వైపు అడుగు వేసేలోపే అద్దం అవతల దర్శిని లేచింది. పటాన్ని తీసి బోర్లా పెట్టింది. అటూ ఇటూ చూసింది. ఇక ఆ చేతులు ఆగలేదు. చూస్తుండగానే బొమ్మ పూర్తయింది. జగదీష్ ఏడ్చేశాడు. రామాయి చెంపలు వేసుకుంది.

ముగ్గురూ లోపలికి పరుగెత్తారు. డాక్టరు బల్ల మీదికి వంగబోయాడు. దర్శిని గభాలున రెండు చేతులూ చాచి ముక్కల్ని కప్పేసింది.

"ఎవరన్నా చూస్తే భయం, అంతేనా పాపా?" అన్నాడు డాక్టరు మెల్లగా.

"భయం లేదు" అంది దర్శిని. "పరీక్షలో మనది ఎవ్వరికీ చూపించగూడదని మిస్ చెప్పినాది."