ముట్టుకోకూడదు, తరమకూడదు

పదకొండేళ్లుగా నన్ను పెళ్లాడమని నైరీని అడుగుతున్నాను. ఇవాళ పడవ మీద తన కంచు గొంతుతో తేల్చేసింది.

“డాల్ఫిన్ తనంతట తాను నీ దగ్గరికొస్తే చేసుకుంటా, రేవీ! తరమకూడదు, ముట్టుకోకూడదు. పోయినసారిలా డాల్ఫిన్ వేషమని వీపుకి రబ్బరు రెక్క కట్టుకున్నావో, ఒడ్డుదాకా ఈదిస్తా!”

మా కైకోరా సముద్రతీరంలో యాత్రికులను డాల్ఫిన్ల మధ్య ఈదించేది ఆమే. నేను పడవలో టీ కాస్తాను.

ఊపిరి గొట్టం కరుచుకుని దూకాను. ఆ గొట్టంలోంచి పాడితే డాల్ఫిన్లు సరదాపడి వస్తాయి. నా పాటకు చేపలు కూడా పారిపోయాయి. రెండుసార్లు దూకినా ఒక్కటీ రాలేదు. మూడోదే ఆఖరు. ఆపైన వాటిని విసిగించడం మా పడవలో నిషిద్ధం.

మూడోసారి ఒకటొచ్చింది! నా కళ్లలోకి చూస్తూ గిర్రున తిరిగింది. చేతులు కట్టుకుని నేనూ తిరిగాను. ఇంకో పది వచ్చాయి. నవ్వాపుకోలేక బోలెడు ఉప్పునీళ్లు మింగాను.

పైకి తేలి అరిచాను. “చూశావా, నా గొంతు మహిమ!”

నా వెనకే నీళ్లలోంచి నైరీ తేలి, నోట్లోంచి గొట్టం తీసింది.

“సరేలే, చేసుకుంటా,” అంది.

ఆ కంచు గొంతు కాస్తా బొంగురుపోయింది. మూడుసార్లూ నా వెనకాలే గొంతు చించుకుని పాడింది మరి!