మూడు కాపీల నొప్పి

నొప్పికి జిరాక్సు తీయడం వచ్చాక లోకం నోటిమాట నమ్మడం మానేసింది. ఆ కాగితం ఒంటికి అంటించుకుంటే అవతలివాళ్ల నొప్పి అయిదు నిమిషాలు మనకూ తెలుస్తుంది.

నీలవేణికున్న ఒళ్లు నొప్పుల జబ్బుని, ఫైబ్రోమయాల్జియాని, చూడ్డానికి ఎట్టకేలకు ఒక స్పెషలిస్టు గురువారం రమ్మంది. బీమా కంపెనీకి, ఆసుపత్రికి, నీలవేణి పనిచేసే కొరియర్ ఆఫీసుకి ఒక్కో కాపీ ఇవ్వాలి. మూడింటినీ గెజిటెడ్ అధికారి స్వయంగా అనుభవించి సంతకం పెట్టాలి. లేకపోతే బీమా రాదు, సెలవు దొరకదు, ఉద్యోగం ఉండదు.

అనకాపల్లిలో సంతకాలకి అందరూ పశువుల డాక్టరు సన్యాసినాయుడి దగ్గరికే వెళ్తారు. ఆయన దేన్నీ చూడకుండా పెట్టేస్తాడని పేరు.

"ఒక్కొక్కటే అంటించుకోండి సార్," అంది నీలవేణి.

"అంత టైమెక్కడిదమ్మా," అంటూ ఆయన మూడూ ఒకేసారి భుజానికి అంటించుకున్నాడు. పెన్ను మూత తీయబోయాడు, చేత కాలేదు. బల్ల పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు.

"ఇదేటమ్మా, భుజంలో ఉన్నది మోకాల్లోకి దిగింది. మోకాలు పట్టుకుంటే నడుంలోకి పోయింది."

"అలాగే తిరుగుతాదండి. స్కానింగులో కనబడదు."

"దీంతో పార్సిళ్లు మోస్తున్నావా?"

"రోజూ మోస్తానండి. చూడ్డానికి బానే ఉన్నావు కదా అంటాడు మా మేనేజరు."

అయిదు నిమిషాలయ్యాక ఆయన చెమట తుడుచుకున్నాడు. సర్వీసులో మొదటిసారి సంతకం పైన రెండు వాక్యాలు కూడా రాశాడు, ఆకుపచ్చ సిరాతో, మూడు కాపీల మీదా.

"నొప్పి నిజం. ఇంత నొప్పితో ఉన్న ఎద్దుని బండికి కడితే యజమాని మీద కేసు పెడతాను."