తెల్లపిల్లకు ధ్రువపత్రం

“చెప్పులు బయట వదులు. చేతులు కడుక్కో. దేన్నీ ముట్టుకోకు.”

గడప దాటకముందే మూడు ఆజ్ఞలు. వచ్చినావిడ మూడూ పాటించింది. నలిగిన బట్టలు, చేతిలో మూతి కట్టిన గుడ్డసంచి. వయసులో తనకంటే పదేళ్లు పెద్దదాన్ని ‘నువ్వు’ అంటున్నానన్న సంగతి ఆ ఇంటాయనకు తోచనైనా లేదు.

గోడల నిండా సొరుగులే. ఒక్కో దాంట్లో ఒక్కో బాల్ పైథాన్. ముట్టుకుంటే చాలు, తల లోపల దాచుకుని బంతిలా చుట్టుకుపోయే చిన్నజాతి కొండచిలువలు. వాటిని జత కలిపి కొత్త రంగులు పుట్టించడం ఆయన వ్యాపారం. పాము రంగు చూసి లోపల ఏ జన్యువు ఉందో చెప్పడంలో ఆయన తర్వాతే ఎవరైనా. అందుకే అందరూ ప్రొఫెసర్ అంటారు. ఏ కాలేజీలో అని అడిగే ధైర్యం మాత్రం ఇంతవరకూ ఎవరూ చేయలేదు.

“ఏం తెచ్చావ్?”

ఆవిడ సంచి విప్పి చూపించింది. మూరెడు పిల్ల. తెల్లటి ఒళ్లు, పసుప్పచ్చ మచ్చలు, దానిమ్మ గింజల్లాంటి కళ్లు.

“ఆల్బినో. ఒంట్లో నలుపు పుట్టని రకం. ఇది చెప్పించుకోడానికా ఇంతదూరం వచ్చావ్? కళ్లున్నవాడెవడైనా చెప్తాడు.”

“రంగు తెలుసండీ. తగువే తెగట్లేదు. దీని తల్లీ తండ్రీ రెండూ మామూలు గోధుమరంగువే. పెంచేవాడేమో, ఈ తెల్లది తన మగదానికి పుట్టింది కాదంటున్నాడు. ఆడది ఇంకోదాన్ని కలిసిందట. తల్లినీ పిల్లనీ వదిలించుకుంటానని కూర్చున్నాడు.”

“వాడెవడో శుద్ధ మొద్దు.”

“మీలాగే పేరున్నాయనండీ.”

“పేరుంటే సరిపోయిందా? బుర్రుండొద్దూ?”

ప్రొఫెసర్ కుర్చీలో వెనక్కి వాలాడు. తెలియనివాళ్లకు చెప్పడమంటే ఆయనకు మహా ఇష్టం. వాళ్లు ఎంత తెలియనివాళ్లయితే అంత ఇష్టం.

“విను. అర్థం కాకపోతే మళ్లీ అడక్కు, నాకంత ఓపిక లేదు. పిల్లకు సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వస్తుంది. ఈ తెలుపు ఉందే, అది దాక్కునే గుణం. ఒక వైపు నుంచే వస్తే పైకి కనపడదు. పాము గోధుమరంగులోనే తిరుగుతుంది, తెలుపుని లోపల మోస్తుంది. అలాంటిదాన్ని మేం హెట్ అంటాం. రెండు హెట్‌లు జత కలిశాయా, నాలుగింట్లో ఒకటి తెల్లగా పుట్టొచ్చు. ఎక్కిందా?”

“కొంచెం ఎక్కిందండీ. కానీ ఆ మగదాని వైపు ఎప్పుడూ తెల్లది పుట్టలేదట.”

“ఎన్ని తరాలైనా దాక్కుంటుందమ్మా! వాడి మగదాని లోపలికి వాడు దూరి చూశాడా? తెల్లది పుట్టగానే తల్లిమీద పడి ఏడిచేవాడు కోళ్లు పెంచడానికి కూడా పనికిరాడు.”

ఆవిడ తలూపింది. చూపు సొరుగుల మీది కార్డుల మీద పడింది. పాత కార్డుల్లో అక్షరాలు గుండ్రంగా, వరస తప్పకుండా ఉన్నాయి. కొత్తవన్నీ కోడిగీకుళ్లు.

“ఈ పాతవి ఎవరు రాశారండీ? ముత్యాల్లా ఉన్నాయి.”

“ఉండేదిలే ఒకతి. తొమ్మిదో తరగతి తప్పిన మొహం. రాయడం తప్ప ఏం తెలీదు. పంపించేశా.”

ఆవిడ సంచి మూతి మళ్లీ కట్టింది. అవసరానికి మించి గట్టిగా కట్టింది.

“అనుమానం తీరకపోతే ఏం చెయ్యమంటారు?”

“పరీక్ష చేయించమను. మగదాని కుబుసం గుప్పెడు కవర్లో పెట్టి ల్యాబ్‌కి పంపితే, తెలుపు దాక్కుందో లేదో వాళ్లే చెప్తారు. ఆమాత్రం చెప్పలేకపోయావా?”

“మూడుసార్లు అడిగామండీ. పరీక్ష వద్దంటాడు. కళ్లెదుట కనపడుతుంటే పరీక్షెందుకంటాడు.”

ప్రొఫెసర్ పకపకా నవ్వాడు. సొరుగులో ఏదో పాము ఉలిక్కిపడి చుట్టుకుంది.

“దొరికాడు దొంగ! పరీక్ష వద్దన్నాడంటే వాడికి నిజంతో పని లేదు. వదిలించుకోడానికి సాకు కావాలి, అంతే. ఇలాంటివాళ్ల వల్లే మా వృత్తికి చెడ్డపేరు.”

“ఆ మాటే ఒక కాగితమ్మీద రాసివ్వరూ? నేను చెబితే లెక్కచేయడు. మీ సంతకం చూస్తే ఇంక నోరెత్తడు.”

ఆ ముక్క ఆయన చెవిలో తేనెలా పడింది. పామును అమ్మినప్పుడల్లా ధ్రువపత్రం ఇవ్వడం అలవాటే. పేరు అచ్చువేసిన కాగితం తీసి, పైకి చదువుకుంటూ రాశాడు.

“గోధుమరంగు జతకు తెల్లపిల్ల పుట్టడం తల్లి తప్పుకు రుజువు కాదు. ఆ గుణం తండ్రిలోనూ దాగి ఉండవచ్చు. పరీక్షకు ఒప్పుకోనివాడి మాటకు విలువ లేదు.”

సంతకం. ముద్ర.

“తారీఖు కూడా వేయండి” అందావిడ.

“చదువు రాకపోయినా తెలివి ఉందే!” అంటూ తారీఖు వేసి కాగితం బల్ల మీదికి విసిరాడు. “ఇకనైనా బుర్రున్నవాళ్లతో వ్యవహారం పెట్టుకో.”

“అలాగేనండీ.”

వీధి మలుపులో ఒక కారు ఆగి ఉంది. వెనకసీట్లో ఓ చిన్నది పసివాణ్ణి ఒళ్లో వేసుకుని, ఎండ తగలకుండా చున్నీ కప్పి కూర్చుంది. పొద్దుటి నుంచీ గోళ్లు కొరుకుతూనే ఉంది. ఆవిడ పక్కన కూర్చుని కాగితం అందించింది. చిన్నది ఆ కోడిగీకుళ్లను ఒకసారి చదివింది. నమ్మలేక మళ్లీ చదివింది.

“మూడుసార్లు పరీక్ష వద్దన్న మీ ఆయన, రేపు కోర్టులో ఈ సంతకం తనది కాదని ఎలా అంటాడో చూద్దాం” అంది లాయరమ్మ, చున్నీ పక్కకు తీసి పసివాడి పాలలాంటి తెల్లజుట్టు నిమురుతూ.