లాగ్ లేని సైటు

"పాప కూడా లేదురా!" అన్నాడతను ఆఫీసు సర్వర్ల గదిలోకి వస్తూనే. ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

పక్క సీటు మిత్రుడు తింటున్న డబ్బాకు మూత పెట్టేశాడు. "ఏమైంది? కూర్చుని చెప్పు."

ఏం చెబుతాడు? పొద్దున లేచేసరికి ఇంట్లో భార్య లేదు, మూడేళ్ల పాపా లేదు. ఫోను దిండు మీదే ఉంది. అత్తగారికి ఫోన్ చేస్తే, "మాకేం తెలుసు బాబూ, ఇక్కడికి రాలేదు" అని వణికే గొంతుతో చెప్పి పెట్టేసింది. వదినగారైతే ఫోన్ ఎత్తనే లేదు. బస్టాండు, ఆసుపత్రి, చెరువు గట్టు అన్నీ తిరిగి ఇలా వచ్చిపడ్డాడు.

"దాని చేతికి కట్టు ఇంకా విప్పలేదురా. ఒంటిచేత్తో పిల్లనెలా ఎత్తుకుంటుంది? రోడ్డెలా దాటుతుంది?"

మిత్రుడు లేచి నిలబడ్డాడు. "పోలీసులకు చెప్పావా?"

"వాళ్లొద్దు. నేనే వెతుక్కుంటా."

ఒక్క ఆధారం దొరికింది. ఇంట్లో ఆమె వాడే పాత ట్యాబ్‌లో ఒక సైటు తెరిచి ఉంది. ఉత్త తెల్ల పేజీ. పేరు, పాస్‌వర్డ్ కొట్టే గడులు తప్ప ఇంకేమీ లేవు. పేరు గడిలో మాత్రం పాప ముద్దుపేరు మిగిలి ఉంది. సైటు అడ్రసు చూడగానే గుర్తుపట్టాడు. అది నడిచేది వీళ్ల సర్వరు మీదే.

ఏ సైటుకు ఎవరు ఎక్కణ్ణుంచి వచ్చారో సర్వరు రాసుకుంటూ పోతుంది. దాన్నే లాగ్ అంటారు. ఈ ఒక్క సైటుకు మాత్రం ఎవరో ఆ లాగ్ ఆపేశారు. మళ్లీ పెట్టాలంటే సెట్టింగుల ఫైల్లో ఒక్క వరుస మార్చాలి. అది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఆ ఆఫీసులో ఎవరు ఏ ఫైలు మార్చినా పక్కవాడు చూసి తన పాస్‌వర్డ్ కూడా కొట్టాలి. అదీ పద్ధతి.

"మన మేనేజర్ మేడమ్‌ని ఒక్క మాట అడుగుదామా?" అన్నాడు మిత్రుడు నసుగుతూ.

"మేడమ్ మీటింగ్ అయ్యేసరికి నా పిల్ల ఏమైపోవాలిరా?"

మిత్రుడికీ ఆడపిల్లే. కుర్చీ అతని పక్కకు జరుపుకున్నాడు.

నల్ల తెర మీద ఫైలు తెరిచారు. పైన హ్యాష్ (#) గుర్తుతో మొదలయ్యే వరుసలు ఏవో ఉన్నాయి. అవి మనుషులు మనుషుల కోసం రాసుకునేవి, సర్వరు వాటిని పట్టించుకోదు. మనుషులూ పట్టించుకోరనుకోండి. గబగబా కిందికి దిగి, 'ఆఫ్' అని ఉన్నచోట లాగ్ పేరు రాశాడు. టెస్ట్ చేస్తే ఎర్రర్! సెమీకోలన్ మర్చిపోయాడు. పెట్టి మళ్లీ కొట్టాడు. ఓకే అంది. మిత్రుడు తన పాస్‌వర్డ్ కొట్టాడు. మార్పు అమల్లోకి వచ్చేలా రీలోడ్ చేశారు.

లాగ్‌లో వరుసలు ఒక్కొక్కటే పడుతున్నాయి. ఏవేవో పేర్లు. పాప పేరు లేదు. ఇద్దరికీ చెమటలు పట్టేశాయి. "దేవుడా, ప్రాణాలతో ఉంటే చాలు" అని గొణిగాడు మిత్రుడు.

పడింది! పాప పేరే!

అది ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇంకో కమాండుతో చూశారు. ఊరి చివర గ్రంథాలయం. అక్కడి కంప్యూటర్ ముందు ఆమె కూర్చుని ఉందన్నమాట.

"బతికే ఉందిరా!" మిత్రుడి కళ్లలో నీళ్లు తిరిగాయి. "పరిగెత్తు! వెళ్లిపోతుందేమో!"

"నీ మేలు మర్చిపోను" అంటూనే బండి తాళాలు అందుకుని మెట్ల మీదికి ఉరికాడు.

మిత్రుడు గడగడా నీళ్లు తాగాడు. ఇంత మంచి పని చేసి చాలా రోజులైందనిపించింది. మేడమ్ వచ్చేలోగా ఆ వరుసను ఎప్పటిలా పెట్టేద్దామని ఫైలు మళ్లీ తెరిచాడు. తొందరేమీ లేదు కాబట్టి ఈసారి పైనుంచి చదివాడు.

మొదటి వరుసలో హ్యాష్ గుర్తు పక్కన మేడమ్ రాసిపెట్టింది: 'కొట్టే మొగుళ్ల నుంచి పారిపోయిన ఆడవాళ్లు తలదాచుకునే చోటు అడిగే సైటు ఇది, వాళ్ల జాడ మన దగ్గర కూడా ఉండకూడదు.'